పశువుల దవాఖానకు కుక్కను తీసుకుపోయే ముందు

హోస్ట్: అందరికీ నమస్కారం. నల్లగొండ నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్ కుక్కల్ని పెంచుకునేవాళ్ల కోసం. మన దగ్గర కుక్కకు జబ్బు చేస్తే ఎక్కడికి పోవాలి, ఏం చూసుకోవాలి, ఇంట్లోవాళ్లు "కుక్కకు ఇంత ఖర్చా" అంటే ఏం చెప్పాలి, ఇవన్నీ మాట్లాడుకుందాం. నకిరేకల్ దగ్గర బత్తాయి తోట ఉన్న ఒక అక్క నాతో ఉన్నారు. తోటలో వాళ్లకు ఎప్పుడూ కుక్కలు ఉంటాయి. ఊళ్లో ఎవరి కుక్కకు బాగాలేకపోయినా ముందు ఫోన్ పోయేది ఈమెకే. నమస్తే అక్కా.

అతిథి: నమస్తే తమ్మీ. ముందే ఒక మాట. నేను డాక్టర్ని కాదు. పశువుల డాక్టర్ల దగ్గర నిలబడి, అడిగి తెలుసుకున్నదే చెప్తాను. మందుల మోతాదు మాత్రం నన్ను అడగొద్దు, అది కుక్క బరువు చూసి డాక్టరే చెప్పాలి.

హోస్ట్: అట్లాగే అక్కా. మీ బ్రూనోకు వచ్చిన జ్వరం సంగతి చెప్పండి. చాలామందికి పనికొస్తుంది.

అతిథి: బ్రూనో మా ల్యాబ్రడార్. వానలు మొదలైన కొత్తలో తిండి తగ్గించాడు. గిన్నె దగ్గరికి వస్తాడు, వాసన చూస్తాడు, పోయి పడుకుంటాడు. "వాతావరణం మారింది కదా, అదే సర్దుకుంటుంది" అన్నారు ఇంట్లో. నాకు మనసు ఒప్పలేదు. పై పెదవి ఎత్తి చూశాను. చిగుళ్లు పాలిపోయి ఉన్నాయి. బాగున్నప్పుడు వాడి చిగుళ్లు లేత గులాబీ రంగులో ఉంటాయి, అది నాకు తెలుసు. వేలితో చిగురును ఒత్తి వదిలితే ఆ చోటు తెల్లబడి, రెండు సెకన్లలోపు మళ్లీ రంగు రావాలి. వాడికి అసలు రంగే లేదు, ఇక తిరిగి వచ్చేదేముంది! మరునాడు పొద్దున ముక్కులోంచి రక్తం చుక్కలు పడ్డాయి.

హోస్ట్: దెబ్బ తగిలిందేమో అనుకుంటారు ఎవరైనా.

అతిథి: మావాళ్లూ అదే అన్నారు, ముళ్లకంచె గీసుకుందని. కానీ డాక్టర్ సార్ చూడగానే చెవి మడత తీసి చూపించారు. లోపల గోమార్లు, అంటే రక్తం తాగే పిడుదులు. కాలి వేళ్ల సందుల్లో ఇంకొన్ని. రక్తపరీక్ష చేస్తే ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. కుక్కకు మామూలుగా రెండు లక్షలకు తక్కువ ఉండకూడదట. ఎర్లీషియా అనే సూక్ష్మజీవి, గోమారి కరిచినప్పుడు రక్తంలోకి పోతుంది. అందరూ టిక్ ఫీవర్ అనేది దాన్నే. అదే పిడుదుల వల్ల బబీసియా అని ఇంకోటి కూడా వస్తుంది. అది ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది, మూత్రం కాఫీ రంగులో పోతుంది. పైకి రెండూ జ్వరాలే, మందులు వేరు. అందుకే పక్కింటి కుక్కకు రాసిచ్చిన చీటీ పట్టుకుని మందుల షాపుకు పోవద్దని అందరికీ చెప్తాను.

హోస్ట్: మందు ఎన్నాళ్లు వాడాలి?

అతిథి: ఎర్లీషియాకు డాక్సీసైక్లిన్ రాస్తారు, సాధారణంగా 28 రోజులు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మందు మొదలుపెట్టిన రెండు మూడు రోజులకే కుక్క లేచి తోక ఊపుతుంది, బువ్వ తింటుంది. ఇంకేం, తగ్గిపోయిందని మానేస్తారు. జబ్బు లోపల అట్లాగే ఉండిపోతుంది, కొన్నాళ్లకు ఎముక మజ్జ మీదికి పోతుంది. అప్పుడు డాక్టర్లు కూడా పెద్దగా చేయగలిగింది ఉండదు. ఇంకోటి, మనం కుక్కకు పెట్టేది పెరుగన్నమే కదా. ఆ బిళ్లను పెరుగులో, పాలల్లో కలిపి పెట్టొద్దని సార్ గట్టిగా చెప్పారు. పాలలో ఉండే కాల్షియం మందును సరిగా ఒంటబట్టనివ్వదు. ఖాళీ కడుపున వేస్తే కక్కుతుంది, ఒట్టి బిళ్ల గొంతులో ఇరుక్కుంటే లోపల పుండు పడుతుంది. నేను ఉడికించిన కోడిగుడ్డులో పెట్టి వేసి, వెంటనే నీళ్లు తాగించేదాన్ని.

హోస్ట్: రక్తపరీక్ష ఎక్కడ చేయించారు? మన దగ్గర పెద్ద తలనొప్పి అదే కదా.

అతిథి: అదే పెద్ద టెన్షన్. ముందు ఒక ల్యాబ్‌కు పోతే, కుక్క రక్తం మేం తీసుకోం అని వెనక్కి పంపారు. వాళ్ల పేరు చెప్పను, వాళ్ల మిషన్లు మనుషుల రక్తానికి పెట్టుకున్నవి. కానీ అప్పటికి మన చేతిలో కుక్క, కుక్క ముక్కులో రక్తం. చివరికి హైదరాబాద్‌కే పోయాం. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఆస్పత్రి ఉంది. ఆ కాలేజీ 1946 నుంచి ఉన్నది. మహబూబ్‌నగర్, జడ్చర్ల వైపు వాళ్లకు 44వ నంబరు హైవే మీద శంషాబాద్ దాటితే రాజేంద్రనగర్ దగ్గర. మేం 65వ నంబరు హైవే మీద పోతాం.

హోస్ట్: మండలంలో పశువుల దవాఖాన ఉండగా అంత దూరం ఎందుకు అంటారు కొందరు.

అతిథి: మండలం దవాఖాన అవసరం లేదని నేను అనను తమ్మీ. మొదటి చూపు అక్కడే. టీకాలు, నట్టల మందు, గాయాలకు కట్లు, సెలైన్ ఎక్కించడం, ఇవన్నీ అక్కడ చేస్తారు. కానీ ఆ దవాఖాన కట్టిందే బర్రెలకు, ఆవులకు, జీవాలకు. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే, 2017లో మొదలుపెట్టిన సంచార వాహనం కూడా ముఖ్యంగా వాటి కోసమే. పాలమూరు వైపు, మన వైపు గొల్లకురుమల మందలు ఎన్ని ఉన్నాయో నీకు తెలుసు. గొర్రెలకు నీలినాలుక రోగం వచ్చిందంటే డాక్టర్ సార్ పొద్దంతా ఊళ్ల మీదే ఉంటారు. నువ్వు కుక్కను తెచ్చి నిలబెడితే నీకు దొరికేది అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాల్లో "ఏమో సార్, రెండు రోజుల నుంచి డల్‌గా ఉంది" అంటే ఆయనకు ఏం తెలుస్తుంది?

హోస్ట్: మరి ఏం చెప్పాలి?

అతిథి: కుక్క బాగున్నప్పుడే దాన్ని చదివి పెట్టుకోవాలి. నేను ఒక నోటుబుక్కు పెట్టుకున్నా. టీకా ఎప్పుడు, నట్టల మందు ఎప్పుడు, బరువు ఎంత, ఆడకుక్క అయితే ఎదకు ఎప్పుడు వచ్చింది. జబ్బు చేస్తే ఎన్నిసార్లు కక్కింది, ఏ రంగు, నీళ్లు ఎంత తాగింది, మూత్రం పోసిందా లేదా. ఫోన్‌లో వీడియో కూడా తీస్తా. ఇంటి దగ్గర ఫిట్స్ వచ్చిన కుక్క దవాఖాన గేటు దగ్గరికి పోగానే మంచిగా నిలబడుతుంది! వీడియో చూపిస్తే సార్‌కు సగం అర్థమవుతుంది.

హోస్ట్: జ్వరం కూడా ఇంట్లో చూడొచ్చు అన్నారు మీరు ఫోన్‌లో.

అతిథి: చూడొచ్చు. ముక్కు పట్టుకుని చూసి జ్వరం చెప్పేవాళ్లు మన ఊళ్లల్లో ఎక్కువ. ఎండకు పడుకుని లేచినా ముక్కు ఎండుతుంది, దాంతో ఏమీ తెలియదు. మందుల షాపులో దొరికే డిజిటల్ థర్మామీటర్ ఒకటి కుక్కకే వేరుగా పెట్టుకోవాలి. కొనకు కాస్త కొబ్బరినూనె రాసి, తోక ఎత్తి, మలద్వారంలోకి అంగుళం లోపలికి మెల్లగా పెట్టాలి. ఇంకొకరు తల దగ్గర నిలబడి మాట్లాడిస్తూ ఉండాలి. కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలే. మనకు 101 అంటే జ్వరం, దానికి కాదు. ఇది తెలియక బాగున్న కుక్కకు పారాసిటమాల్ మింగిస్తున్నారు.

హోస్ట్: అది ప్రమాదమా?

అతిథి: చాలా ప్రమాదం. పారాసిటమాల్ ఎక్కువైతే కాలేయం దెబ్బతింటుంది, రక్తం పాడవుతుంది. పిల్లికైతే ఒక్క బిళ్ల చాలు ప్రాణం పోవడానికి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వేస్తే కుక్క కడుపులో పుండ్లు పడి నల్లగా విరేచనం అవుతుంది, మూత్రపిండాలు పోతాయి. మనుషుల నొప్పి బిళ్ల ఏదీ కుక్కకు వేయొద్దు. వంటింటి సంగతి కూడా చెప్తా. ఆదివారం మటన్ కూర మిగిలితే గిన్నె గీకి కుక్కకు వేస్తాం కదా. అందులో ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ ఉంటాయి. కుక్క రక్తకణాలను అవి దెబ్బతీస్తాయి, ఉడికినా ఆ గుణం పోదు. ముక్కలు కూరలో వేయకముందే నాలుగు పక్కకు తీసి ఉత్తగా ఉడికించి పెట్టండి. ఎముకలు వద్దు.

హోస్ట్: పిడుదులకు పంట మందు కొడుతున్నారని విన్నాను.

అతిథి: ఆ మాట వింటేనే నాకు కడుపు రగులుతుంది. పత్తికి తెచ్చిన డబ్బాలో మిగిలింది నీళ్లలో కలిపి కుక్కకు పూస్తారు. అది ఒళ్లు నాకుతుంది. నోట్లోంచి నురగ, ఒళ్లంతా వణుకు, గంటల్లో చచ్చిపోతుంది. అట్లా ఎవరైనా పూసి ఉంటే సబ్బుతో కడుగుతూనే డాక్టర్‌కు ఫోన్ చేయండి, ఏ మందు పూశారో ఆ డబ్బా వెంట తీసుకుపోండి. విరుగుడు ఇంజెక్షన్ ఆ పేరు చూసే ఇస్తారు. గొర్రెల కోసం తెచ్చిన ఐవర్‌మెక్టిన్ కూడా అంతే. గొర్రె మోతాదు కుక్కకు పనికిరాదు, కోలీ లాంటి జాతులకైతే కొంచెం ఎక్కువైనా మెదడు మీద పడుతుంది.

హోస్ట్: మరి పిడుదులు పోయే దారి?

అతిథి: కుక్కల కోసమే తయారైన మందులు ఉన్నాయి. నెలకొకసారి నమిలించే బిళ్ల, మూడు నెలలు పనిచేసే బిళ్ల, మెడ మీద వేసే చుక్కలు. డాక్టర్ బరువు చూసి రాస్తారు. ధర ఎక్కువే, కాదనను. బ్రూనోకు రక్తం ఎక్కించే పరిస్థితి వచ్చి ఉంటే అయ్యే ఖర్చుతో పోలిస్తే తక్కువ. అయితే కుక్క మీద కనిపించేవి కొన్నే. కడుపు నిండిన ఆడ గోమారి కిందికి రాలి, గోడ పగుళ్లలో, బండల సందుల్లో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. మేం కుక్క పడుకునే కొట్టం గోడల పగుళ్లన్నీ సిమెంటుతో పూడ్చాం, గోనె సంచులు మార్చాం. చేతికి దొరికినదాన్ని వేళ్లతో నలపొద్దు. పట్టకారుతో చర్మం దగ్గర పట్టి నిటారుగా లాగి స్పిరిట్ సీసాలో వేయాలి.

హోస్ట్: ఇంట్లోవాళ్ల సంగతి అడుగుతానన్నాను. "మనుషులకే దిక్కులేదు, కుక్కకు హైదరాబాదా" అంటారు.

అతిథి: మా అత్తమ్మే అన్నది. నేను వాదించలేదు. రాత్రి తోటకు అడవిపందులు వస్తే ముందు లేచేది ఎవరు, ఇంట్లో నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు గడప దగ్గర పడుకునేది ఎవరు, ఆమెకూ తెలుసు. డబ్బు గురించి మాత్రం దాపరికం ఉండొద్దు. డాక్టర్ దగ్గర సిగ్గుపడకుండా చెప్పాలి, సార్, నా దగ్గర ఇంతే ఉంది, ముందు ఏది తప్పనిసరి అని. మంచి డాక్టర్ ఎవరైనా దానికి తగ్గట్టు దారి చెప్తారు. ఏమీ చెప్పక, మందు కొనలేక, రెండోసారి పోకుండా ఊరుకునేవాళ్లే ఎక్కువ. కుక్క నష్టపోయేది అక్కడే.

హోస్ట్: ముసలి కుక్కలు, తగ్గని జబ్బులు ఉన్నవాళ్లు కూడా ఉంటారు.

అతిథి: మా పాత కుక్క రాణికి మూత్రపిండాలు పోయాయి. మూత్రపిండాలు పనిచేయకపోతే రక్తంలో పెరిగే క్రియాటినిన్ పెరుగుతూ పోయింది. సెలైన్లు పెట్టించాం. ఒక దశలో నిలబడలేదు, నోట్లో పుండ్లు, నీళ్లు తాగినా కక్కేది. డాక్టర్ మేడం నెమ్మదిగా చెప్పారు, ఇంజెక్షన్‌తో శాశ్వతంగా నిద్రపుచ్చొచ్చు అని. మా ఆయన ఒప్పుకోలేదు, పాపం అన్నాడు. నేను ఏడుస్తూనే, దాన్ని అట్లా ఉంచడం కూడా పాపమే కదా అన్నాను. రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నాడు, ఆయనే రాణి తల ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ నిర్ణయం ఎవరికి వారు తీసుకోవాల్సిందే, తొందరపెట్టకూడదు. ఊళ్లో ఎవరైనా కుక్క చనిపోయి ఏడుస్తుంటే "ఇంకోటి తెచ్చుకో" అనకండి. అంతే నేను కోరేది.

హోస్ట్: (కొద్దిసేపు ఆగి) రేబిస్ గురించి చెప్పకుండా ఎపిసోడ్ వదలలేం అక్కా.

అతిథి: మూడు నెలలు నిండిన కుక్కపిల్లకు మొదటి టీకా, తర్వాత డాక్టర్ చెప్పిన లెక్కన ఏటా. జూలై 6న జూనోసిస్ దినం, అంటే జంతువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బుల దినం అని పశువుల దవాఖానల్లో ఉచితంగా వేస్తారు. 1885లో పాశ్చర్ మొదటిసారి ఒక పిల్లవాడికి రేబిస్ టీకా వేసిన రోజు అది. మీ గల్లీలో కుక్కల్ని కూడా తీసుకుపోండి. కరిచినా, గీరినా, పుండు మీద నాకినా, వెంటనే పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. తర్వాత మనుషుల దవాఖానకు. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టొద్దు. ఆ జబ్బు బయటపడ్డాక బతికించే మందు లేదు తమ్మీ.

హోస్ట్: చివరగా, మహబూబ్‌నగర్ నుంచి ఒక చెల్లి పంపిన ప్రశ్న. వాళ్ల కుక్కపిల్ల పార్వోతో చనిపోయింది, రక్త విరేచనాలు అయ్యాయట. ఇప్పుడు ఇంకో పిల్లను తెచ్చుకోవచ్చా అని.

అతిథి: ముందు ఆ చెల్లికి ధైర్యం చెప్పు. పార్వో చాలా మొండి వైరస్, నీడ ఉన్న మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. మామూలు ఫినాయిల్‌కు చావదు. గచ్చును, గిన్నెలను ముందు సబ్బుతో కడిగి, ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి ముప్పై వంతులు నీళ్లు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచాలి. పాత గుడ్డలు కాల్చేయాలి. మట్టి వాకిలిని మాత్రం కడిగి శుభ్రం చేయలేం. అందుకే చిన్న పిల్లను ఇప్పుడే తేవద్దు. తెచ్చుకోవాలని అంతగా ఉంటే, టీకాలన్నీ పూర్తయిన, అయిదు నెలలు దాటిన కుక్కను తెచ్చుకోమను. టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలై, మూడు నాలుగు వారాలకొకటి, పదహారు వారాలు నిండేదాకా పడాలి. ఒక్క ఇంజెక్షన్ వేయించి అయిపోయిందనే మాట నమ్మొద్దు. అమ్మేవాళ్లు టీకాలు వేశామంటే కార్డు అడగమను, అందులో సీసా స్టిక్కర్, తేదీ, డాక్టర్ సంతకం మూడూ ఉండాలి.