వద్దన్నవాటితోనే గెలిచిన కోచ్: జాన్ గలార్డీ

వ్యాఖ్యాత: నమస్కారం. అమెరికన్ ఫుట్‌బాల్‌లో కాలేజీ కోచ్‌గా 489 విజయాలు సాధించిన జాన్ గలార్డీ గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. పదహారేళ్లకే ఆయన కోచ్ ఎలా అయ్యారండీ?

అతిథి: యుద్ధం వల్ల అయ్యారు. 1943లో, కొలరాడోలోని ట్రినిడాడ్‌లో ఆయన చదువుతున్న కేథలిక్ హైస్కూలు కోచ్ సైన్యంలోకి వెళ్లిపోవడంతో, ఇక ఫుట్‌బాల్ ఆపేద్దామని యాజమాన్యం అనుకుంది. జట్టును తానే నడిపిస్తానని గలార్డీ వాళ్లను ఒప్పించారు. అడ్డుచెప్పే పెద్దవాళ్లెవరూ మైదానంలో లేరు కనుక, ఆటగాడిగా తనకు అర్థంలేనివిగా తోచిన పద్ధతులన్నీ తీసేశారు. ఒళ్లు హూనం చేసే కసరత్తులు పోయాయి, సాధన మధ్యలో నీళ్లు తాగకూడదన్న నియమమూ పోయింది. నా ఉద్దేశంలో ఆయన కోచింగ్ అంతా అక్కడే తయారైంది.

వ్యాఖ్యాత: ఆ తరువాత కాలేజీకి వెళ్లారు కదా?

అతిథి: 1949లో మోంటానాలోని కారల్ కాలేజీకి, 1953లో మిన్నెసోటాలోని సెయింట్ జాన్స్‌కు వెళ్లారు. బెనెడిక్టిన్ సన్యాసులు నడిపే ఆ చిన్న విద్యాసంస్థలోనే 2012 దాకా ఉండిపోయారు. సాధనలో ట్యాక్లింగ్, అంటే ఎదుటివాణ్ణి పట్టుకుని పడగొట్టడం, ఉండేది కాదు, విజిల్ ఉండేది కాదు, జట్టులోకి వస్తానన్నవాణ్ణి పొమ్మనడమూ ఉండేది కాదు. ఆటగాళ్లు ఆయనను ‘కోచ్’ అనకుండా ‘జాన్’ అనే పిలవాలి. డ్రిల్లు మాస్టారిని చూస్తేనే వణికిన మనకు ఇది వింతగానే ఉంటుంది లెండి.

వ్యాఖ్యాత: ఎదుటివాణ్ణి పడగొట్టడమే ప్రాణమైన ఆటలో, పడగొట్టడం సాధన చేయకుండా ఎలా గెలిచారు?

అతిథి: ప్రతి ఎత్తుగడలోనూ ఎవరు ఎటు కదలాలో, ఎవరిని అడ్డుకోవాలో తప్పు లేకుండా వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయించేవారు. సాధనలో దెబ్బలు తగలకపోతే శనివారం మ్యాచ్‌కు మంచి ఆటగాళ్లందరూ అందుబాటులో ఉంటారన్నది ఆయన లెక్క. అందులో దయ కంటే తెలివే ఎక్కువని నేను అనుకుంటాను.

వ్యాఖ్యాత: అయితే ఆయన పెద్ద విశ్వవిద్యాలయాలతో తలపడలేదన్న విమర్శ ఉంది.

అతిథి: అది నిజమే. కాలేజీ క్రీడల్లో క్రీడా స్కాలర్‌షిప్పులు ఇవ్వని విభాగమైన డివిజన్ 3లోనే ఆయన జీవితంలో ఎక్కువ భాగం గడిచింది కనుక, ఆ 489ని పెద్ద జట్ల కోచ్‌ల అంకెల పక్కన పెట్టి తూచడం సరికాదు. కానీ ప్రత్యర్థులకూ స్కాలర్‌షిప్పులు లేవు కదా! 2003లో మరో కాలేజీ కోచ్ ఎడీ రాబిన్సన్ పేరిట ఉన్న 408 విజయాల రికార్డును దాటిన ఆయన, అదే ఏడాది ఫైనల్లో, వరుసగా 55 మ్యాచ్‌లు గెలిచి వచ్చిన మౌంట్ యూనియన్ కాలేజీ జట్టును 24-6 తేడాతో ఓడించి నాలుగో జాతీయ టైటిల్ అందుకున్నారు. అప్పటికి ఆయన వయసు 77.

వ్యాఖ్యాత: ఆయన పద్ధతిని మరెవరైనా పాటించారా?

అతిథి: చాలాకాలం దాన్ని ఒక ముసలాయన వింత అలవాటుగానే చూశారు. తలకు తగిలే దెబ్బలు మెదడును ఎంత పాడుచేస్తాయో బయటపడ్డాక పరిస్థితి మారింది. డార్ట్‌మత్ కాలేజీ కోచ్ బడ్డీ టీవెన్స్ 2010లో సాధనలో ఆటగాళ్లు ఒకరినొకరు ట్యాకిల్ చేయడం మాన్పించారు. 2016లో, డార్ట్‌మత్‌తో సహా ఎనిమిది పేరున్న విద్యాసంస్థల బృందమైన ఐవీ లీగ్ కోచ్‌లందరూ సీజన్ సాధనల్లో దాన్ని తొలగించేందుకు ఒప్పుకున్నారు. 2018లో 91వ ఏట కన్నుమూసిన గలార్డీ ఆ నిర్ణయాన్ని చూడగలిగారు.