చిన్న బోటుకి బోను లాగే మిషను: తాడు, తీగ, బ్యాటరీ లెక్కతో సహా

నమస్కారం అండి. విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి గానీ, పెదజాలరిపేట, భీమిలి ఒడ్డుల నుంచి గానీ చిన్న ఫైబర్ బోటు మీద వెళ్ళి చేపలు, పీతలు పట్టే బోన్లు సముద్రంలో వేసేవాళ్ళ కోసం ఈ వీడియో. తాడు చేత్తో లాగే బదులు బ్యాటరీ మీద లాగే మిషను, అదే ట్రాప్ పుల్లర్, ఏది తీసుకోవాలి, ఎలా బిగించాలి, ఎక్కడ చెడుతుంది అన్నది చూద్దాం.

ముందు డబ్బా మీది అంకె సంగతి. పెద్ద అక్షరాలతో "100 కేజీలు లాగుతుంది" అని ఉంటుంది. ఎంత వేగంతో లాగుతుందో ఉండదు. వేగం లేకుండా బరువు ఒక్కటే చెబితే దాంతో ఏమీ తేలదు. గేర్లు పెట్టి నెమ్మదిగా తిప్పితే చిన్న మోటారు కూడా 100 కేజీలు ఎత్తుతుంది, కానీ మీరు పగలంతా అక్కడే ఉండాలి.

ఈ లెక్క రాసుకోండి. బరువు కేజీల్లో, వేగం నిమిషానికి ఎన్ని మీటర్లో, రెండూ గుణించి 6తో భాగించండి. తాడు దగ్గర కావలసిన శక్తి వాట్లలో వస్తుంది. మోటారులో, గేర్లలో సుమారు సగం పోతుంది కాబట్టి బ్యాటరీ దానికి రెట్టింపు ఇవ్వాలి. దాన్ని 12 వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు. 25 కేజీలు, నిమిషానికి 30 మీటర్లు అనుకోండి. 750ని 6తో భాగిస్తే 125 వాట్లు, రెట్టింపు 250, ఆంపియర్లు సుమారు 21. ఇప్పుడు 100 కేజీలు అదే వేగంతో లాగుతుందని చెప్పే 200 వాట్ల మిషనుకి ఇదే లెక్క కట్టండి. తాడు దగ్గరే 500 వాట్లు కావాలి. అంటే ఆ బరువు వేరు, ఆ వేగం వేరు. రెండూ ఒకేసారి రావు. 50 వాట్ల కారు వైపర్ మోటారు పెట్టి చేసినదైతే, 25 కేజీలకి నిమిషానికి 6 మీటర్లు. 25 బారల, అంటే సుమారు 45 మీటర్ల లోతు నుంచి ఒక్క బోను రావడానికి ఏడు నిమిషాలు దాటుతుంది.

మీకు ఎన్ని కేజీలది కావాలి? బోను ఎండు బరువు, అందులో పడే సరుకు బరువు కలిపి, దానికి రెండున్నర నుంచి మూడు రెట్లు పట్టేది తీసుకోండి. ఇనుప చట్రం నీళ్ళలో కొంచెమే తేలికవుతుంది, దాని మీద నమ్మకం పెట్టుకోవద్దు. పైగా కెరటం మీద బోటు లేచినప్పుడు తాడు ఒక్క క్షణం బిగుసుకుని బరువు ఎన్నో రెట్లు పడుతుంది. గేరు పళ్ళు విరిగేది ఆ కుదుపుకే.

ఇక రకాలు. ఒకటి నిలువు డ్రమ్ము. తాడు మూడు చుట్లు చుట్టి, కొస ఒకరు పట్టుకుని లాగుతూ ఉండాలి. చుట్లు వదులు చేస్తే తాడు జారుతుంది, బరువు ఆగుతుంది. ఆ అదుపు బాగుంటుంది. కానీ ఒక మనిషి దానికే అంకితం. రెండోది గాడి చక్రం. రెండు పలకల మధ్య వి ఆకారపు గాడిలో తాడు ఇరుక్కుని, అవతల ఒక చిన్న పలక దాన్ని గాడిలోంచి విడదీసి కింద బుట్టలో పడేస్తుంది. ఇద్దరే వెళ్ళే బోటుకి మా ఓటు దీనికే. ఒకరు స్విచ్చి దగ్గర, ఒకరు బోను అందుకోవడానికి, సరిపోతుంది.

అయితే గాడి చక్రానికి తాడు మందమే ప్రాణం. 6 నుంచి 12 మిల్లీమీటర్ల తాడుకి చేసిన గాడిలో మీ 4 మిల్లీమీటర్ల తాడు వేస్తే అడుక్కి దిగిపోయి, పట్టు లేక జారుతుంది. జారితే వేడి, వేడికి ప్లాస్టిక్ తాడు కరిగి గాజులా నున్నబడుతుంది, అక్కణ్ణుంచి ఇంకా జారుతుంది. అందుకే కొట్టుకి వెళ్ళేటప్పుడు మీ తాడు ముక్క రెండు బారలు, పాకుడు పట్టినదే, తడిపి తీసుకెళ్ళండి. కొత్త పొడి తాడుతో చూపిస్తే ప్రతి మిషనూ బాగానే లాగుతుంది. తాడులో ముడులు ఉంటే విడదీసే పలక దగ్గర తట్టుకుంటాయి, కాబట్టి ముడి వెయ్యకుండా పురులు అల్లి అతకండి.

మూడో రకం, లంగరు లాగే విండ్లాసు. చవగ్గా దొరికిందని దీన్ని బోన్లకి వాడొద్దు. రోజుకి ఒకటి రెండుసార్లు, కొన్ని నిమిషాలు తిరగడానికి చేసినది అది. వరసగా ముప్పై బోన్లు లాగితే మోటారు లోపలి తీగ చుట్ట కాలిపోతుంది.

కొనేచోట 25 కేజీల బియ్యం బస్తా వేలాడదీయమనండి. పైకి పది మీటర్లు లాగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. నిమిషానికి 30 మీటర్లంటే 20 సెకన్లు. లాగేటప్పుడే తీగ మీద డీసీ కొలిచే క్లాంప్ మీటరు పెట్టి ఆంపియర్లు చదవండి. మధ్యలో స్విచ్చి వదిలేయండి: బస్తా అక్కడే నిలిచిందా, జారిందా? జారితే కొనొద్దు. స్విచ్చి కూడా వేలు తీయగానే ఆగిపోయేదే ఉండాలి. ఒకసారి నొక్కితే తిరుగుతూనే ఉండే స్విచ్చి ఉన్న మిషను, ఎంత మంచిదైనా, బోటు ఎక్కించకండి. లుంగీ అంచు, తువ్వాలు కొస, చేతి తొడుగు, ఏదైనా గాడిలోకి వెళ్ళిందంటే దాని వెనక చెయ్యి వెళ్తుంది.

బ్యాటరీ లెక్క. 25 బారలంటే సుమారు 45 మీటర్లు, ఒక్కో బోనుకి నిమిషంన్నర. 30 బోన్లకి 45 నిమిషాలు. 21 ఆంపియర్ల చొప్పున 16 ఆంపియర్ అవర్లు ఖర్చు. లెడ్ బ్యాటరీని సగానికంటే కింద దించకూడదు, పాతబడితే ఇంకా తగ్గుతుంది. కాబట్టి 60 నుంచి 80 ఆంపియర్ అవర్ల డీప్ సైకిల్ బ్యాటరీ, అంటే రోజూ బాగా దించి మళ్ళీ ఛార్జి చేసినా తట్టుకునేది, పెట్టుకోండి. కారు స్టార్ట్ చేసే బ్యాటరీ ఇలా రోజూ దించితే కొద్ది నెలలకే చేతులెత్తేస్తుంది. తాడు లాగి స్టార్ట్ చేసే చిన్న ఇంజిన్లు చాలావాటిలో ఛార్జింగ్ ఉండదు, ఒడ్డున ఛార్జి చేసుకోవలసిందే. లిథియం పెట్టేవాళ్ళు దాని రక్షణ సర్క్యూట్ ఎన్ని ఆంపియర్ల దాకా ఒప్పుకుంటుందో చూడండి. లేకపోతే సగం దూరంలో బోను వేలాడుతుండగా కరెంటు కట్ అవుతుంది.

తీగ విషయంలోనే ఎక్కువమంది నష్టపోతారు. బ్యాటరీ నుంచి మిషను 5 మీటర్లుంటే, రానూ పోనూ 10 మీటర్లు. బరువు పడి 40 ఆంపియర్లు లాగినప్పుడు 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో దాదాపు 1.2 వోల్టులు పోతాయి. 16 చదరపు మిల్లీమీటర్లదైతే అర వోల్టు కూడా పోదు. వోల్టేజీ పడితే మోటారు నెమ్మదిస్తుంది, స్విచ్చి నొక్కగానే మోటారుకి కరెంటు కలిపే రిలే టకటకా కొట్టుకుంటుంది, దాని కాంటాక్టులు కాలి అతుక్కుపోతాయి. అతుక్కున్న రిలే అంటే ఆగని మిషను. తగరం పూత ఉన్న రాగి తీగే వాడండి, మామూలు తీగ తొడుగు లోపలే పచ్చబడుతుంది. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోనే, కరెంటు మితిమీరితే ఆపేసే బ్రేకరు పెట్టండి. ఈ మిషనుకి, 16 చదరపు మిల్లీమీటర్ల తీగకి 60 ఆంపియర్లది చాలు.

బిగింపు. ఫైబర్ అంచు మీద స్క్రూలు కొట్టి వదిలేస్తే కొన్నాళ్ళకి రంధ్రాలు పెద్దవై ఊడొస్తుంది. ఆరపార 10 మిల్లీమీటర్ల బోల్టులు, లోపలి వైపు 6 మిల్లీమీటర్ల స్టీలు పలక గానీ 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ గానీ, లాక్ నట్లు, రంధ్రాల్లో సీలెంట్. స్టీలు 316 గ్రేడ్ అడగండి, 304కి ఉప్పు నీటిలో మచ్చలొస్తాయి. మిషను ఒళ్ళు అల్యూమినియం అయితే బోల్టుకీ దానికీ మధ్య నైలాన్ వాషరు, బుష్ వేయండి, లేకపోతే బోల్టు చుట్టూ అల్యూమినియం పొడిలా తినేస్తుంది.

బోను రాయికి పట్టుకుంటే మిషనుతో పీకొద్దు. తాడు బోటు పక్క నుంచి లాగుతోంది. మోటారు బలం బోనుని కాక బోటు అంచుని నీళ్ళలోకి దించుతుంది. తాడు వదులు చేసి, బోనుకి అవతలి వైపుకి వెళ్ళి, అది పడిన దిక్కుకి ఎదురుగా లాగండి. మన తీరంలో ఫిబ్రవరి నుంచి మే దాకా నీరు ఎక్కువగా ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి నడుస్తుంది, నీటి మీద తేలే బెండు ఎటు వాలిందో చూసి దానికి ఎదురుగా వెళ్తే తాడు ఇంజిను ఫ్యాను కిందకి రాదు. చక్రం పక్కనే పదునైన కత్తి కట్టి ఉంచండి.

రోజూ వేట అయ్యాక మంచినీళ్ళతో కడగండి, ప్రెషర్ గన్ సీళ్ళ మీద పెట్టొద్దు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో బోటు ఒడ్డున ఉన్నప్పుడు గేర్ ఆయిల్ ప్లగ్ తీసి చూడండి. ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే సీలు పోయి నీరు దిగింది. ఆయిల్ ఒక్కటే మారిస్తే లాభం లేదు, సీలు మార్చి, బేరింగుకి తుప్పు పట్టిందేమో చూసి, అప్పుడు కొత్త ఆయిల్ పోయండి.