పెళ్లిరోజు విందుకు జపనీస్ రెస్టారెంట్: వెళ్లే ముందే అడిగి తేల్చుకోవలసినవి

నమస్కారం. పెళ్లిరోజు విందుకు హైదరాబాద్‌లోని ఒక మంచి జపనీస్ రెస్టారెంట్‌కు మొదటిసారి వెళ్లబోతున్న దంపతుల కోసం ఈ వీడియో చేస్తున్నాను. జూబ్లీహిల్స్‌లోనైనా, హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు పెద్ద హోటళ్లలోనైనా ఇలాంటి చోట ఇద్దరి భోజనానికి వేలల్లోనే ఖర్చవుతుంది. అంత ఖర్చు పెట్టి వెళ్లాక, మెనూలోని పేర్ల అర్థాలు ఫోన్‌లో వెతుక్కుంటూ కూర్చుంటే, ఇద్దరూ తీరిగ్గా మాట్లాడుకోవాలనుకున్న సాయంత్రం ఆ వెతుకులాటలోనే గడిచిపోతుంది. కాబట్టి అడగవలసినవన్నీ టేబుల్ బుక్ చేయడానికి ఫోన్ చేసినప్పుడే అడిగేయమని నా సలహా.

అన్నిటికంటే ముందు శాకాహారం సంగతి; దీని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను. మన ఇళ్లలో ఒకరు మాంసాహారం తిని మరొకరు తినకపోవడం, పెళ్లిరోజు శనివారం నాడో కార్తీక మాసంలోనో రావడం మామూలే. జపనీస్ వంటలో చూడగానే శాకాహారం అనిపించే చాలా పదార్థాలకు ఆధారం దాషి అనే పలుచని రసం. దానిని సాధారణంగా కొంబు అనే సముద్రపు నాచుతోనూ, ఎండబెట్టి, పొగ పట్టించి, పల్చటి రేకులుగా చెక్కిన బొనిటో చేపతోనూ కాస్తారు. 1908లో టోక్యోకు చెందిన రసాయన శాస్త్రవేత్త కికునాయె ఇకెడా ఈ కొంబు రసం నుంచే దానికి కమ్మటి రుచినిచ్చే గ్లుటమేట్ అనే పదార్థాన్ని వేరుచేసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టారు. కాచిన తరువాత చేప రేకులను వడకట్టి తీసేస్తారు కాబట్టి మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్‌లోనూ, కూరగాయల టెంపురాను (పిండిలో ముంచి వేయించిన బజ్జీల వంటివి) ముంచుకునే సాస్‌లోనూ, అగెదాషి టోఫు (వేయించిన సోయా పనీర్) చుట్టూ పోసే రసంలోనూ చేప కంటికి కనబడదు. అందువల్ల "ఇది వెజిటేరియనేనా?" అని అడిగి ఊరుకోకండి, "దాషిలో చేప వేస్తారా? కొంబు, షిటాకె పుట్టగొడుగులతో మాకు విడిగా చేయగలరా?" అని అడగండి. జపాన్ బౌద్ధ మఠాలలో షోజిన్ ర్యోరి అనే శాకాహార వంట శతాబ్దాలుగా ఉంది కనుక జపనీస్ వంట తెలిసిన షెఫ్‌కు ఇది వింత కోరిక కాదు. అయితే రసం విడిగా కాచాలి కాబట్టి కనీసం ముందు రోజైనా చెప్పడం న్యాయం. మద్యం అసలే ముట్టనివారు సాస్‌లలో బియ్యంతో చేసే మద్యాలైన మిరిన్, సాకె వాడతారా అన్నది కూడా అప్పుడే అడగాలి. భార్య గర్భవతి అయితే పచ్చి చేపతో చేసే సుషి (పుల్లటి అన్నంతో కలిపి చేసేది), సషిమి (అన్నం లేకుండా ఉత్త చేప ముక్కలు) వద్దని చెప్పి, టెంపురా, ఉడాన్ (లావుపాటి గోధుమ నూడుల్స్), టెప్పన్యాకి (వేడి పెనం మీద కాల్చేవి) వంటి వేడివేడిగా వండిన పదార్థాలు ఎంచుకోండి.

తరువాత, ఎక్కడ కూర్చోవాలి? సుషి కౌంటర్ దగ్గర షెఫ్ ఒక్కొక్క ముక్క చేసి ఎదురుగా పెడుతుంటే చూడటం అపురూపమైన అనుభవమే. ఏం వడ్డించాలో పూర్తిగా షెఫ్‌కే వదిలేసే ఒమకాసె భోజనానికి అదే సరైన చోటు. కానీ అక్కడ మీరిద్దరూ పక్కపక్కన కూర్చుని షెఫ్ వైపు చూస్తూ తింటారు. పెళ్లిరోజున ఎదురెదురుగా కూర్చోవడమే నాకు ఇష్టం కాబట్టి మొదటిసారికి టేబులే తీసుకోమంటాను. ఇంకొక కారణం కూడా ఉంది: సుషి వాసన చాలా సున్నితమైనది కనుక కౌంటర్ దగ్గర ఘాటైన సెంట్లు, అత్తర్లు మర్యాద కాదు. తలనిండా మల్లెపూలు పెట్టుకుని వెళ్లాలనుకుంటే, పూలు మానుకోకండి, కౌంటర్ మానుకోండి.

ఇక తినే పద్ధతి. నిగిరి సుషిని (అన్నం ముద్దపై చేప ముక్క పెట్టినది) చేత్తో తినడం జపాన్‌లోనూ మర్యాదే కాబట్టి చాప్‌స్టిక్స్ రావని బెంగ వద్దు. ముక్కను తిప్పి చేప వైపు మాత్రమే సోయా సాస్‌లో తాకించండి, అన్నం వైపు ముంచితే విడిపోతుంది. అల్లం ముక్కలు సుషి మీద పెట్టుకోవడానికి కాదు, ఒక రకానికీ మరొక రకానికీ మధ్య నోరు శుభ్రపరచుకోవడానికి. చాప్‌స్టిక్స్‌ను అన్నంలో నిలువుగా గుచ్చకండి. జపాన్‌లో చనిపోయినవారికి పెట్టే అన్నంలో అలా గుచ్చుతారు. దహనం తరువాత అస్థికలను ఒకరి పుల్లల నుంచి మరొకరు పుల్లలతోనే అందుకుంటారు కనుక, ప్రేమగా ఒక ముక్క ఇవ్వాలనిపించినప్పుడు చాప్‌స్టిక్స్ నుంచి చాప్‌స్టిక్స్‌కు అందించకుండా దానిని వారి ప్లేటులో పెట్టండి.

కేకు తెప్పించాలనుకుంటే భోజనం పూర్తయ్యాక తెమ్మని ముందే చెప్పండి. శనివారం సాయంత్రమైతే ట్రాఫిక్‌కు అదనంగా అరగంట చేతిలో ఉంచుకోండి.

చివరగా బిల్లు. రోజుకు 7,500 రూపాయలు దాటిన గది అద్దె తీసుకునే హోటళ్లలోని రెస్టారెంట్లలో భోజనంపై జీఎస్టీ 18 శాతం, మామూలు విడి రెస్టారెంట్లలో 5 శాతం ఉంటుంది కాబట్టి మెనూ ధరకు అది కలుపుకుని లెక్క వేసుకోండి. సర్వీస్ చార్జి తప్పనిసరి కాదు. దానిని బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. బిల్లులో అది కనిపిస్తే తీసేయమని మర్యాదగా అడగండి. వడ్డన నచ్చితే, మీకు తోచినంత వడ్డించినవారి చేతికే ఇవ్వండి.