గాలితో పాటు పోతుంటే గాలి తెలియదు: స్పిన్నకర్ నేర్చుకున్న రెండు వేసవులు

నమస్కారం. ఇప్పుడు తెర మీద కనిపిస్తున్న నీళ్లు ఇంగ్లండ్ దక్షిణ తీరానికీ ఐల్ ఆఫ్ వైట్ ద్వీపానికీ మధ్యనున్న సోలెంట్ జలసంధి. ఎడమ పక్క నుంచి వస్తున్న 34 అడుగుల పడవ మేము నలుగురు స్నేహితులం కలిసి నడుపుకునేది. దాని ముందు నీలం, తెలుపు చారలతో బూరెలా పొంగి నిలబడ్డ పెద్ద తెరచాప పేరు స్పిన్నకర్. గాలి పక్క నుంచో వెనుక నుంచో వీస్తున్నప్పుడు మాత్రమే పనికివచ్చే ఈ తెరచాపను కట్టడం, ఎగరేయడం, దించడం నేర్చుకోవడానికి నాకు రెండు వేసవులు పట్టాయి. తాళ్లూ ముళ్లూ మొదటి నెలలోనే వచ్చేశాయి. మిగిలిన కాలమంతా గాలిని సరిగా అంచనా వేయడం నేర్చుకోవడానికే సరిపోయింది.

ముందుగా, ఈ తెరచాప ఎందుకు కావాలో చెబుతాను. మామూలు విహార పడవకు నడుమ నిలువుగా నిలబెట్టిన కొయ్య (మాస్ట్) వెనుక పెద్ద తెరచాప ఒకటి, కొయ్య ముందు చిన్న తెరచాప ఒకటి ఉంటాయి. గాలి నేరుగా వెనుక నుంచి వీస్తే పెద్ద తెరచాప ఆ గాలినంతా అడ్డుకుంటుంది. ముందున్నది తడిసిన పంచెలా వేలాడుతుంది. అప్పుడు పడవ వేగం మూడు నాట్లకు పడిపోయి, చాలామంది విసుగుపుట్టి ఇంజను వేసేస్తారు. నాట్లు అనగానే మనకు వరినాట్లు గుర్తుకొస్తాయి గాని, ఇక్కడ ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్ల వేగం. స్పిన్నకర్ ఎత్తితే అదే గాలిలో అదే పడవ ఐదు, ఆరు నాట్లతో సాగిపోతుంది. దీని గుడ్డ పలుచని నైలాను; మామూలు తెరచాపల గుడ్డ చదరపు మీటరుకు 300 గ్రాములకు పైగా తూగితే, ఇది 40 గ్రాముల చుట్టుపక్కలే ఉంటుంది. చిరుగు పడితే చివరిదాకా పోకుండా అందులో కొంచెం లావు దారాలను గళ్లుగా నేస్తారు. ఈ పేరు ఎక్కడి నుంచి వచ్చిందన్న దాని మీద వాదాలున్నాయి గాని, 1860ల నాటి స్ఫింక్స్ అనే పందెం పడవ నుంచి పుట్టిందన్న కథకు ఈ సోలెంట్ నీళ్లే రంగస్థలం.

ఇందులో రెండు జాతులున్నాయి. రెండు వైపులా సమానంగా ఉండే మొదటి దానికి, కొయ్య నుంచి ముందుకు చాచి పట్టే పొడవాటి గడ ఒకటి కావాలి. ఆ గడను పైకి లాగే తాడు, కిందికి లాగే తాడు, వెనక్కి లాగే తాడు వేరువేరుగా ఉంటాయి. పందెపు పడవల్లో ఎనిమిది మంది ఉంటారు కనుక వారికది చెల్లుతుంది. రెండో జాతికి ఒక అంచు పొడవుగా, మరొకటి పొట్టిగా ఉంటుంది. దాని ముందు మూలను పడవ ముందు కొనకు, అంటే పాత తెలుగులో అణియం అనే చోటికి, ఒక తాడుతో బిగిస్తే చాలు. ఇద్దరు ముగ్గురితో నడిచే విహార పడవలో ఈ రెండో జాతితో మొదలుపెట్టడమే తెలివి అని నా అభిప్రాయం. గడతో పట్టిన తెరచాప నేరుగా వెనుక నుంచి వీచే గాలిలో మరింత నిలకడగా నిలుస్తుందని పెద్దలు వాదిస్తారు, అది నిజమే. కాని ఊగుతున్న పడవ ముందు కొన మీద నాలుగు మీటర్ల గడతో కుస్తీ పట్టడం కొత్తవాళ్ల పని కాదు.

కట్టడం మాత్రం రేవులోనే, గాలి లేని పొద్దున నేర్చుకోవాలి. తెరచాపకు మూడు మూలలు: పైకెత్తే తాడు కట్టే తల, అణియానికి బిగించే ముందు మూల, షీట్ అనే తాడు కట్టే వెనుక మూల. సంచిలోకి సర్దే ముందు తల నుంచి మొదలుపెట్టి ఒక్కో అంచునూ చేతులతో తడుముకుంటూ మూల వరకు వెళ్లాలి, ఎందుకంటే సంచిలో పడ్డ ఒక్క మెలిక పైకి వెళ్లాక మధ్యలో నడుము కట్టినట్టు బిగుసుకుని, తెరచాపను రెండు బుడగలుగా చేసేస్తుంది. ఇక షీట్ తాళ్ల విషయంలో గుర్తుంచుకోవలసింది ఒక్కటే: అవి అన్నిటికీ బయటి నుంచే పోవాలి. కొయ్యను నిలబెట్టే తీగలకు బయట, అంచున ఉండే రక్షణ తీగలకు బయట, ముందు తీగకు బయట. ఒక్కచోట లోపలి నుంచి పోయినా, తెరచాప నిండిన క్షణంలో ఆ తీగో, దాన్ని పట్టుకున్న స్తంభమో వంగిపోతుంది.

మా తెరచాపకు సాక్ అనే పొడవాటి గుడ్డ తొడుగు ఉంది. దాని మూతి దగ్గర గంట ఆకారంలో ఒక గట్టి వలయం ఉంటుంది. తాడు లాగితే ఆ వలయం పైకి పోయి తెరచాప విచ్చుకుంటుంది, మరోవైపు లాగితే కిందికి దిగి తెరచాపను మింగేస్తుంది. ఎత్తేటప్పుడు పెద్ద తెరచాపను ఉంచి, ముందున్న చిన్నదాన్ని చుట్టేస్తాము. తరువాత గాలి దాదాపు వెనుకకు వచ్చేలా పడవను తిప్పుతాము. అప్పుడు పెద్ద తెరచాప చాటున గాలి పలుచబడుతుంది. ఆ చాటులోనే తొడుగుతో సహా స్పిన్నకర్‌ను పైదాకా ఎత్తి, షీట్‌ను వదులుగా ఉంచి, వలయాన్ని పైకి లాగుతాము. విచ్చుకునేటప్పుడు వచ్చే ఆ 'టప్' శబ్దం ఎన్నిసార్లు విన్నా నాకు గుండె ఒకసారి ఆగి కొట్టుకుంటుంది.

ఎగిరాక చూడవలసింది గాలి వచ్చే వైపు అంచును. షీట్‌ను మెల్లగా వదులుతూ పోతే ఆ అంచు భుజం దగ్గర తమలపాకు కొసలా లోపలికి ముడుచుకుంటుంది. అప్పుడు జానెడు లాగాలి, మళ్లీ వదలాలి, మళ్లీ లాగాలి. కొత్తవాళ్లు దీన్ని బిగించి పెట్టేస్తారు, నేనూ అదే చేశాను. బిగించిన తెరచాప బొమ్మలా అందంగా కనిపిస్తుంది గాని, గాలి దాని మీదుగా సాఫీగా జారకపోవడం వల్ల పడవ పక్కకు వాలుతుందే తప్ప ముందుకు పోదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. గాలి 19 నాట్ల వేగంతో వెనుక నుంచి వీస్తోందనుకోండి. పడవ అదే దిశలో 7 నాట్లతో పోతోంది. పడవలో కూర్చున్న మనిషి వీపుకు తగిలే గాలి ఎంత? ఆ రెండింటి తేడా, 12 నాట్లే. దాన్ని తోచే గాలి అందాము. అలలు కూడా మనతోనే వస్తుంటాయి కనుక అంతా ప్రశాంతంగా, ఎండ కాచుకుంటున్నట్టుగా ఉంటుంది. అదే వేగంతో పోతున్న పడవను గాలి పక్క నుంచి తగిలేలా తిప్పితే తోచే గాలి ఒక్కసారిగా 20 నాట్లు అవుతుంది. గాలి ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి తెరచాప మీద పడే బరువు సుమారు మూడు రెట్లవుతుంది. గాలి ఏమాత్రం పెరగకుండానే, చుక్కాని తిప్పినందుకే ఇదంతా జరుగుతుంది. ఈ లెక్క నేను పుస్తకంలో ముందే చదివాను, కాగితం మీద వేసి చూసుకున్నాను కూడా. నా ఒంటికి అది తెలిసింది మాత్రం మొదటి వేసవి ఆఖరులో.

ఆ రోజు ఐల్ ఆఫ్ వైట్ తీరంలోని యార్మత్ రేవు నుంచి అదే ద్వీపంలోని కౌజ్ రేవుకు, సుమారు 9 నాటికల్ మైళ్ల దూరం, నైరుతి గాలిలో స్పిన్నకర్ ఎత్తి బయలుదేరాము. బయలుదేరినప్పుడు అసలు గాలి 13 నాట్లు. అది మెల్లమెల్లగా 19కి చేరిందని గాలిని కొలిచే మీటరు చెబుతూనే ఉంది. కాని చొక్కా కూడా రెపరెపలాడని ఆ హాయిలో మీటరు వైపు ఎవరూ చూడలేదు. ఇంతలో అవతలి తీరంలోని సౌతాంప్టన్ రేవు నుంచి ఒక కంటైనర్ ఓడ వచ్చింది. 150 మీటర్లకు మించిన ఓడలు ఇక్కడి ఇరుకు కాలువలో వస్తుంటే, వాటి ముందు 1000 మీటర్లు, ఇరుపక్కలా 100 మీటర్ల మేర చిన్న పడవలు ప్రవేశించకూడదన్న నియమం ఉంది. దానికి దారి ఇవ్వడానికి నేను ద్వీపం వైపు, అంటే కుడికి, చుక్కాని తిప్పాను. పడవ ఒక్క ఊపున ఎడమకు ఒరిగిపోయింది. చుక్కాని సగం నీటి పైకి తేలి పట్టు కోల్పోవడంతో, నేను తిప్పమన్న దానికంటే ఎక్కువగా గాలికి ఎదురు తిరిగి అలాగే పడుకుండిపోయింది. ఇలాంటప్పుడు చేయవలసింది షీట్ వదిలేయడం. వదిలేశాము. తాడు సర్రున జారిపోయి కప్పీ దగ్గర టక్కున ఆగింది. ఎందుకంటే, మామూలు తెరచాప తాళ్లకు వేసే అలవాటు కొద్దీ, దాని కొసకు నేనే పొద్దున శ్రద్ధగా ముడి వేశాను.

స్పిన్నకర్ షీట్ కొసకు ముడి వేయకూడదు. అవసరమైతే అది పూర్తిగా జారిపోయి తెరచాప జెండాలా గాలికి ఎగరాలి; అదే ఆ తాడుకున్న రక్షణ. ఆ రోజు ముందు మూల తాడును వదిలాకే పడవ లేచింది. మనుషులకు ఏమీ కాలేదు, తెరచాప అంచు మూరెడు చిరిగింది, ఆ ముడిని నా స్నేహితులు ఇప్పటికీ నా పేరుతోనే పిలుస్తారు.

దించడం ఎత్తడానికి తలకిందులు, అంతే: పడవను గాలి వెనుకకు వచ్చేలా తిప్పి, పెద్ద తెరచాప చాటు చేసి, షీట్‌ను పూర్తిగా వదిలి, అప్పుడు తొడుగును కిందికి లాగాలి. లాగే మనిషి కూర్చుని, కాలు దేనికైనా తన్నిపెట్టుకుని లాగాలి. తాడును చేతికి చుట్టుకోకూడదు. వలయం దిగకపోతే బలం పెంచవద్దు, తెరచాపలో ఇంకా గాలి ఉందన్న మాట. చాటు మరింత చేయాలి. తెరచాపను ఒక పక్క నుంచి మరో పక్కకు మార్చడం కూడా మేము ఇలాగే చేస్తాము, తొడుగులోకి దించి, అవతలి వైపు మళ్లీ విప్పుతాము. పందెగాళ్లు చూస్తే నవ్వుతారు, నవ్వనివ్వండి.

రెండో వేసవి నుంచి మా పడవలో ఒక కట్టుబాటు పెట్టుకున్నాము. స్పిన్నకర్ పైన ఉన్నంతసేపు ఒకరు ప్రతి పది నిమిషాలకూ అసలు గాలి అంకెను పైకి చదవాలి. 15 అని వినబడితే చర్చ లేకుండా దించాలి. మొన్న జూన్‌లో న్యూటౌన్ క్రీక్ ఎదురుగా సరిగ్గా 15 వినబడింది. ఎండ బాగుంది, పడవ పరుగెడుతోంది, చుట్టూ ఉన్న పడవలన్నీ స్పిన్నకర్లతోనే దూసుకుపోతున్నాయి. మేము మాత్రం దించేశాము. ఆ తరువాత గాలి 11కు పడిపోయి, సాయంత్రం దాకా మళ్లీ లేవనే లేదు. మేము మెల్లగా ఈడ్చుకుంటూ కౌజ్ చేరేసరికి రేవులో టీ దుకాణం మూసేశారు.