పోపు లేని చల్లటి బీన్స్ సలాడ్: వైజాగ్ వంటింట్లో పాతకాలపు అమెరికన్ వంటకం, రివ్యూ

నమస్కారమండీ. ఈ వారం రివ్యూకి కొత్త హోటలు లేదు, కొత్త మిక్సీ లేదు. ఈ గిన్నెలో ఉన్నదే మన సబ్జెక్టు. అమెరికాలో అమ్మమ్మల కాలం నుంచీ చేసుకుంటున్న చల్లటి బీన్స్ సలాడ్. అక్కడ దీన్ని త్రీ బీన్ సలాడ్ అంటారు. 1950ల నాటికే పిక్నిక్కుల్లో, తలా ఒక వంట పట్టుకొచ్చే చర్చి భోజనాల్లో ఇది మామూలైపోయింది. పచ్చ బీన్స్ ఒక టిన్ను, పసుపు బీన్స్ ఒక టిన్ను, రాజ్మా ఒక టిన్ను తెరిచి నీళ్లు ఒంపేస్తారు. ఉల్లిపాయ తరిగి వేసి, వెనిగర్, పంచదార, నూనె కలిపి పోసి ఫ్రిజ్‌లో పెడతారు. అంతే, పొయ్యి వెలిగించే పనే లేదు.

వైజాగ్‌లో మే నెల ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఎండ సంగతి అలా ఉంచి, ఆ ఉక్కపోతలో మధ్యాహ్నం పన్నెండింటికి స్టవ్ ముందు నిలబడటం అంటే శిక్షే. అందుకే ఈ వంట మీద నాకు మనసు పోయింది.

తీర్పు ముందే చెప్పేస్తాను, దానికోసం వీడియో చివరిదాకా కూర్చోనక్కర్లేదు. బాగుంది, చేసుకోవచ్చు. కానీ పాత రెసిపీలో పంచదార మనకి మరీ ఎక్కువ, సగం తీసేయాలి. ఇంకో మాట, దీనికి పోపు పెట్టకూడదు. ఈ రెండో మాటకి కింద నాకు చీవాట్లు పడతాయని తెలుసు. కారణం చెప్తాను, కాస్త ఆగండి.

ముందు సరుకులు. టిన్నుల్లో వచ్చే బీన్స్ పెద్ద సూపర్ మార్కెట్లలో దొరుకుతాయి గానీ, విడి గింజల ధరతో పోలిస్తే ఆ డబ్బులకి అర్థం లేదు. పైగా రాజ్మా మనకి దూరం నుంచి రావక్కర్లేదు. చింతపల్లి, గూడెం కొత్తవీధి వైపు ఏజెన్సీలో పండుతుంది. ఇప్పుడది అల్లూరి సీతారామరాజు జిల్లా అనుకోండి, అయినా మన నోటికి ఇంకా వైజాగ్ ఏజెన్సీయే. ఎక్కడ కొన్నా ఒక్కటి చూసుకోండి, గింజ పాతది కాకూడదు. వేడిలో, తేమలో నెలల తరబడి ఉన్న గింజ ఎంత ఉడికించినా మెత్తబడదు. సముద్రం పక్కన ఉన్న ఊళ్లో వేడికీ తేమకీ కరువు లేదు కదా. అందుకే అటక మీద డబ్బాలో మిగిలిన పోయినేడాది రాజ్మాని దీనికి వాడొద్దు.

పచ్చ బీన్స్ ఎంవీపీ కాలనీ రైతు బజారులోనో, సీతమ్మధారలోనో తాజాగా దొరుకుతాయి. కొనేటప్పుడు ఒకటి విరిచి చూడండి, టప్‌మని విరగాలి. వంగితే వదిలేయండి.

పసుపు బీన్స్ మాత్రం మన బజార్లలో కనిపించవు. వాటి బదులు అమెరికాలోనే చాలామంది పెద్ద శనగలు వేస్తారు. నేను బొబ్బర్లు వేశాను. తొక్క పల్చన, తొందరగా ఉడుకుతాయి, పులుపు బాగా పీలుస్తాయి. పెద్ద శనగ అయితే లోపలంతా పిండిగా, చప్పగానే ఉండిపోతుంది. ఇది నా అభిప్రాయం, మీరు వేసుకుంటే నేనేం అననులెండి.

రాజ్మా రాత్రంతా నానాలి. ఎండాకాలం బయట పెడితే తెల్లారేసరికి గిన్నె మీద నురగ, పులిసిన వాసన. ఫ్రిజ్‌లోనే నానబెట్టండి. నానిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో కుక్కర్లో పెట్టాలి. ఇక్కడ కాస్త జాగ్రత్త. పచ్చి రాజ్మాలో లెక్టిన్ అనే పదార్థం ఉంటుంది. నాలుగైదు పచ్చి గింజలు తిన్నా వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. నీళ్లు బాగా మరగాలి, కనీసం పది నిమిషాలు, అరగంటైతే ఇంకా మంచిది. అందుకే స్లో కుక్కర్‌లో పచ్చి రాజ్మా వేయొద్దంటారు. అరకొర వేడిలో అది పోదు సరికదా, ఇంకా పెరగొచ్చు. మన ప్రెషర్ కుక్కర్‌కి ఆ బెంగ లేదు.

విజిల్స్ ఎన్ని అని అడగొద్దు, గింజని బట్టి మారుతుంది. ఇలా చూడండి. కెమెరా దగ్గరకి పెడుతున్నాను. ఒక గింజ స్పూన్‌లో తీసుకుని ఉఫ్ అని ఊదితే తొక్క ఇలా ముడతపడి లేస్తోంది కదా. ఇప్పుడు వేళ్ల మధ్య నొక్కుతున్నాను. లోపల పలుకు లేకుండా మెత్తగా అణిగింది, కానీ పక్క నుంచి చిట్లలేదు. ఇదీ మనకి కావాల్సింది. రాజ్మా కూరకి ఇంకో రెండు విజిల్స్ రానిచ్చి చిదిమేస్తాం, సలాడ్‌కి గింజ గింజలా నిలవాలి. ఉప్పు ఉడికేటప్పుడే వేసుకోవచ్చు. వెనిగర్ మాత్రం వేయొద్దు. పులుపు తగిలిందంటే గింజ గట్టిపడి ఎంతసేపైనా ఉడకదు. అలాగని తినే సోడా కూడా వేయకండి, ముద్దైపోతుంది.

బొబ్బర్లు వేరే గిన్నెలో ఉడికించుకోండి. రెంటినీ కలిపి కుక్కర్లో పెడితే రాజ్మా ఉడికేలోపు బొబ్బర్లు పప్పైపోతాయి.

పచ్చ బీన్స్ అంగుళం ముక్కలు చేసి, ఉప్పు వేసిన మరిగే నీళ్లలో మూడు నాలుగు నిమిషాలు ఉంచి, వెంటనే చల్లటి నీళ్లలో వేసేయాలి. చూడండి ఎంత పచ్చగా ఉన్నాయో. కానీ ఈ రంగు వెనిగర్‌లో నిలవదు. పులుపు తగిలితే ఆకుపచ్చ రంగునిచ్చే క్లోరోఫిల్‌లోంచి మెగ్నీషియం పోయి, ముదురాకు రంగులోకి దిగిపోతుంది. టిన్నులో బీన్స్ ఎలాగూ ఆ రంగులోనే వస్తాయి కాబట్టి అక్కడి బామ్మలకి ఆ టెన్షన్ లేదు. మనం తాజావి వాడుతున్నాం కదా, వీటిని పక్కన ఉంచుకుని వడ్డించే గంట ముందు కలుపుకుందాం.

ఇప్పుడు అసలు గొడవ, పులుసు. అంటే పైన పోసే డ్రెస్సింగ్. పాత రెసిపీల్లో ఎక్కువగా కనిపించే కొలత ఇది: ముప్పావు కప్పు పంచదార, కప్పులో మూడింట రెండొంతుల వెనిగర్, మూడో వంతు నూనె. అంటే దగ్గర దగ్గర 150 గ్రాముల పంచదార. ఆ కొలతతోనే ఒక గిన్నె చేసి పక్కింటి పిన్నిగారికి ఇచ్చాను. ఒక్క స్పూన్ నోట్లో పెట్టుకుని, "ఏటమ్మా ఇది, బెల్లం ఆవకాయలో బీన్స్ ముక్కలేసినావేటి?" అన్నారు. నాకంటే చక్కగా రివ్యూ చెప్పారు. నిజానికి ఇది పచ్చి సలాడ్ కన్నా ఊరగాయకే దగ్గర చుట్టం. అలా అనుకుని తింటే ఇంకా నచ్చుతుంది.

నా కొలత చెప్తాను. అన్నీ కలిపి నాలుగు కప్పుల గింజలూ ముక్కలకి, 75 గ్రాముల పంచదార, 120 మిల్లీలీటర్ల వెనిగర్, 60 మిల్లీలీటర్ల నూనె, ఒక టీస్పూన్ ఉప్పు, అర టీస్పూన్ మిరియాల పొడి. పంచదార పూర్తిగా మానేస్తే మాత్రం కుదరదు. వెనిగర్ ఒక్కటే గొంతుకి పట్టుకుంటుంది.

వెనిగర్ కొనేటప్పుడు లేబుల్ చదవండి. సింథటిక్ అని రాసి ఉంటే అది ఎసిటిక్ యాసిడ్‌ని నీళ్లలో కలిపింది. చౌక, వాసన ఘాటు. చైనీస్ నూడుల్స్ మీద చల్లుకోవడానికి చాలు. ఇక్కడ అదే ముఖ్యమైన రుచి కాబట్టి ఆపిల్ వెనిగరో, చెరకు వెనిగరో తీసుకోండి. నిమ్మకాయ వేసి చూడొచ్చు గానీ మర్నాటికి దాని తాజాదనం పోయి చిరుచేదు మిగులుతుంది. చింతపండు జోలికి మాత్రం వెళ్లొద్దు. నూనె పొద్దుతిరుగుడుదే వాడండి. నువ్వుల నూనె వేస్తే ఇంకేమీ తెలియదు, ఆలివ్ నూనె ఫ్రిజ్‌లో గడ్డకడుతుంది.

ఇక పోపు సంగతి. మన చెయ్యి ఊరుకోదు, నాకూ తెలుసు. ఉడికిన గింజలు కనిపించగానే ఆవాలు, ఎండుమిరపకాయ, కరివేపాకు చిటపటలాడించి వేసేస్తాం. ఆర్కే బీచ్‌లో సాయంత్రం గుగ్గిళ్లు తిన్నవాళ్లకి దాని రుచి చెప్పక్కర్లేదు. కానీ గుగ్గిళ్లు వేడిగా తినేవి. అదే పోపుని రాత్రంతా ఫ్రిజ్‌లో వెనిగర్‌లో ఉంచి చూడండి. మినప్పప్పు కరకర పోయి పళ్లకి అతుక్కుంటుంది, కరివేపాకు తోలులా సాగుతుంది. చల్లారిన గుగ్గిళ్లు అవుతాయి, సలాడ్ అవ్వదు.

అయితే ఆవాల రుచి వదులుకోవాలా? అక్కర్లేదు. ఆవ పెట్టడం మనకి తెలిసిన విద్యే కదా, పనసపొట్టు కూరలో, అరటికాయ కూరలో పెడతాం. అమెరికా పాత రెసిపీల్లో కూడా కొన్నింట్లో ఆవపిండి ఉంటుంది. అర టీస్పూన్ ఆవపిండిని ముందు మామూలు నీళ్లతో తడిపి పది నిమిషాలు వదిలేయండి. వెనిగర్‌తో తడపొద్దు, పులుపులో ఘాటు సరిగ్గా పుట్టదు. నీళ్లలో ఘాటు లేచాక అప్పుడు వెనిగర్‌లో కలపండి, ఆ ఘాటు నిలుస్తుంది. ముక్కులోకి ఎక్కే ఆ చిన్న చురుకుతో వంటకం మొత్తం మన వైపుకి తిరుగుతుంది. ఒక పచ్చిమిరపకాయ నిలువుగా చీల్చి వేస్తే నాకు అభ్యంతరం లేదు. కొత్తిమీర తినేముందు.

రాజ్మా, బొబ్బర్లు గోరువెచ్చగా ఉండగానే డ్రెస్సింగ్ పోయండి, వేడి మీద బాగా పీలుస్తాయి. ఎర్ర ఉల్లిపాయ కాగితంలా పల్చగా తరిగి వేసి, మూత పెట్టి ఫ్రిజ్‌లోకి. గంట తర్వాత రుచి చూస్తే నిరుత్సాహపడతారు. వెనిగర్ నాలుక మీద ఒకవైపు, గింజ ఇంకోవైపు, రెండింటికీ పరిచయం అవ్వలేదు. ఇది మర్నాడు పొద్దున్న గిన్నె. ఉల్లిపాయ చూడండి, ఊదా రంగు పోయి గులాబీ రంగుకి వచ్చింది. దాని పచ్చి వాసన పోయింది. గింజ కొరికితే మధ్యదాకా తీపి, పులుపు. అడుగున చేరిన నీరు ఒకసారి పైకి కిందకి కలిపి, ఇప్పుడు పచ్చ బీన్స్ వేసుకోవాలి.

దేనితో తినాలి? రసం అన్నంలోకి నంజుకుంటే అస్సలు కుదరలేదు, పులుపు మీద పులుపు. చపాతీతో పర్వాలేదు. వంజరం వేపుడు పక్కన మాత్రం అదిరింది. కారం, నూనె తిన్న నోటికి ఈ చల్లదనం హాయి. శాకాహారులైతే బంగాళాదుంప వేపుడు పక్కన పెట్టుకోండి. షుగర్ ఉన్నవాళ్లు పంచదార ఇంకా తగ్గించి, ఆ నీరు వంచేసి తినడం మంచిది.

రుషికొండకో, కైలాసగిరికో పట్టుకెళ్తామంటే ఐస్ పెట్టె తప్పనిసరి. వెనిగర్ ఉంది కదా పాడవదులే అనుకోకండి, ఇది నిల్వ పచ్చడి కాదు. 32 డిగ్రీలు దాటిన ఎండలో గంట కంటే బయట ఉంచకూడదు. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు. మధ్యలో కరెంటు గంటల తరబడి పోయిందంటే మాత్రం మిగిలింది పారేయండి, మొహమాటపడకండి.

మార్కులు. పాత రెసిపీ ఉన్నదున్నట్టు చేస్తే పదికి ఐదు. పంచదార తగ్గించి, ఆవ పెట్టి, ఒక రాత్రి ఆగితే ఎనిమిది. ఆ రెండు మార్కులు ఎందుకు తగ్గించానంటే, రాజ్మా నానబెట్టాలని ముందురోజే గుర్తుండాలి. సాయంత్రం చుట్టాలు ఫోన్ చేసి గంటలో వస్తున్నామంటే ఇది పనికొచ్చే వంట కాదు. గింజలు అయిపోయాక అడుగున మిగిలిన నీరు పారబోయకండి. కీరదోస ముక్కలు అందులో వేసి అరగంట ఉంచండి, భోజనంలోకి ఇంకో పూట గడిచిపోతుంది.