సగంలో ఆగిన పనికి ఒక చోటు

[దృశ్యం: పెరటి గోడకు ఆనించి వేసిన రేకుల షెడ్డు. బల్ల మీద విప్పి పెట్టిన సీలింగ్ ఫ్యాను.]

ఈ ఫ్యాను మూడు రోజులుగా ఇలాగే ఉన్నది. మరలు కొబ్బరి చిప్పలోను, బేరింగులు కిరోసిన్ పోసిన గిన్నెలోను, రెక్కలు గోడ వారగాను ఉన్నాయి. ఇదే పనిని భోజనాల బల్ల మీద మొదలుపెట్టి ఉంటే, రాత్రి వడ్డన వేళకు అన్నింటినీ సంచిలో కట్టి పక్కన పెట్టవలసి వచ్చేది. ఆ సంచి ఒకసారి అటకెక్కితే పని కూడా దానితోపాటే అటకెక్కుతుంది. ఇంట్లో తక్కిన గదులన్నీ పూట పూటకూ సర్దుకోవలసినవే. షెడ్డు ఒక్కటే, సగంలో ఆగిన పనిని ఉన్నది ఉన్నట్టుగా ఉంచుతుంది. దాని మీద మనిషికి కలిగే మమకారానికి అసలు కారణం ఇదేనని నా నమ్మకం.

[దృశ్యం: పాలో ఆల్టోలోని చెక్క గ్యారేజీ పాత ఛాయాచిత్రం.]

ఇది కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో పట్టణంలో, 367 అడిసన్ అవెన్యూ ఇంటి వెనుక ఉన్న గ్యారేజీ. వెడల్పు 12 అడుగులు, పొడవు 18 అడుగులు. హెచ్‌పీగా పేరొందిన హ్యూలెట్-ప్యాకార్డ్ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఇక్కడే మొదలైంది. 1938లో డేవ్ ప్యాకార్డ్, ఆయన భార్య లూసీల్ ఈ ఇంటి కింది భాగంలో అద్దెకు దిగగా, మిత్రుడు బిల్ హ్యూలెట్ పెరట్లో ఉన్న చిన్న షెడ్డులో మంచం వేసుకున్నారు. చేతిలో ఉన్న పెట్టుబడి 538 డాలర్లు. అక్కడ వారు తయారు చేసిన ఆడియో ఆసిలేటర్‌లో, అంటే ధ్వని పరికరాలను పరీక్షించడానికి నిలకడైన విద్యుత్ సంకేతాన్ని పుట్టించే పరికరంలో, హ్యూలెట్ ఒక మామూలు చిన్న బల్బును వాడారు. సంకేతం బలం పెరిగితే బల్బులోని తీగ వేడెక్కుతుంది, వేడెక్కిన తీగ విద్యుత్ నిరోధం పెరుగుతుంది, ఆ నిరోధమే సంకేతాన్ని తిరిగి అదుపులోకి తెస్తుంది. ఖరీదైన అమరిక చేయవలసిన పనిని ఒక బల్బు చేసిపెట్టింది. పరికరాల ముందు పలకలకు వేసిన రంగును లూసీల్ వంటింటి ఓవెన్‌లోనే కాల్చేవారు. నాకు ఈ కథలో అన్నింటికన్న ఇష్టమైనది ఆ ఓవెనే, ఎందుకంటే ఇంటికీ పనికీ మధ్య దూరం పెరటి వాకిలి అంతే ఉన్నప్పుడు ఇల్లు కూడా పనిముట్టుగా మారుతుందని అది చూపిస్తుంది. 1940 నాటికి చోటు చాలక వారు పెద్ద భవనానికి మారారు. ఆ గ్యారేజీని నేడు సిలికాన్ వ్యాలీ పుట్టినిల్లుగా గుర్తించి కాపాడుతున్నారు.

[దృశ్యం: కొండపల్లి. ఇంటి వసారాలో ఆరబెట్టిన, రంగు వేయని బొమ్మలు.]

మన కొండపల్లిలో ఇల్లే పనిశాల కావడం తరతరాలుగా ఉన్నదే. తెల్ల పొణికి చెక్కను తేమ పోయేదాకా ఆరబెట్టి, సన్నని సెగ చూపి, ఆ తరువాతే ఉలి పట్టుకుంటారు. ఏనుగు తొండం వేరుగా, కాళ్లు వేరుగా చెక్కి, చింతగింజల పొడితో రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో అతికిస్తారు. అది ఆరాలి, ఆపైన వేసిన సున్నపు పూత ఆరాలి, అప్పుడు గాని రంగు పట్టదు. ఈ పనిలో చేతికి ఎంత భాగమున్నదో ఎదురుచూపుకూ అంతే ఉన్నది. ఒక బొమ్మ ఆరుతుండగా మరొక బొమ్మకు కన్ను దిద్దుతారు, మధ్యలో లేచి అన్నం తిని వస్తారు. గంట లెక్కన అద్దె కట్టే చోట ఈ ఓపిక సాగదు.

[దృశ్యం: మళ్లీ రేకుల షెడ్డు. కిటికీ నుంచి బల్ల మీద పడే వెలుతురు.]

మీ ఇంట్లో ఇటువంటి చోటు ఏర్పరచుకోదలిస్తే పనిముట్లు కొనడానికి ముందు బల్ల సంగతి చూడండి. నిలబడి చేతులు వదిలితే మణికట్టు దగ్గరికి వచ్చే ఎత్తు చిత్రిక పట్టడానికి, రంపం కోయడానికి అనువుగా ఉంటుంది. సోల్డరింగ్ వంటి సన్నపని చేసేవారికి అంతకన్న ఎత్తు కావాలి. కుడిచేతి వాటం వారికి వెలుతురు ఎడమవైపు నుంచి పడితే చేతి నీడ పని మీద పడదు. రేకుల కింద మన ఎండలో మధ్యాహ్నం కూర్చోలేము గనుక, పైన తాటాకు గాని కొబ్బరాకు గాని పరచి, ఎదురెదురు గోడలకు కిటికీలు పెట్టించుకోవడం మంచిది. వార్నిష్, పెయింటు వాడేటప్పుడు ఆ గాలి తప్పనిసరి కూడా. పెరడు లేని అపార్టుమెంటు వారికి బాల్కనీలో గోడకు మడత బల్ల బిగించుకునే వీలుంది. అయితే మడిచినప్పుడు పని చెదరకుండా ఒక పళ్లెంలోనే అంతా జరిగేటట్టు చూసుకోవాలి.

ఇక ఈ ఫ్యాను విషయం. బేరింగుల జిడ్డు వదిలింది. వాటిని గుడ్డతో తుడిచి, కొత్త గ్రీజు పెట్టి, కొబ్బరి చిప్పలోని మరలను విప్పిన వరుసకు ఎదురు వరుసలో బిగిస్తున్నాను.