రాతి బెంచీని మోసే డెక్ ఫ్రేమ్: హ్యాంగర్ స్క్రూలు నిజంగా పనికివస్తాయా?

హ్యాంగర్ అంటే డెక్ దూలం కొసను పట్టి నిలిపే లోహపు తొడుగు; దాన్ని బిగించే ఈ స్క్రూల పెట్టెను కంపెనీ వారు ఉచితంగా పంపారు. డబ్బేమీ ఇవ్వలేదు, వీడియోను ముందుగా చూపించమని అడగనూ లేదు. పొడవులు, పూత, ధర వంటి వివరాలను మీరు వారి పేజీలో చూసే ఉంటారు కనుక వాటిని మళ్లీ చదవను. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌తో చేసిన ఈ బెంచీని న్యూజెర్సీలోని మా ఇంటి వెనుక చెక్క డెక్ మీద నిశ్చింతగా వేసుకోవచ్చా, లేదా అన్నదే నాకు కావలసిన సంగతి.

ముందు బరువు చూద్దాం. కూర్చునే పలక పొడవు 5 అడుగులు, వెడల్పు అడుగున్నర, మందం 3 అంగుళాలు. కాళ్లు కూడా అదే మందం గల రెండు పలకలు. ఈ రాయి ఘనపుటడుగుకు సుమారు 180 పౌండ్లు తూగుతుంది కాబట్టి బెంచీ ఒక్కటే 500 పౌండ్లు దాటుతుంది, ముగ్గురు పెద్దవాళ్లు కూర్చుంటే మొత్తం వెయ్యికి చేరుతుంది. అమెరికాలో ఇళ్ల డెక్‌లను సాధారణంగా చదరపు అడుగుకు 40 పౌండ్ల జనభారం, 10 పౌండ్ల సొంత బరువు లెక్కన కడతారు. బెంచీ ఆక్రమించే ఏడున్నర చదరపు అడుగులకు ఈ వెయ్యిని పంచితే అడుగుకు 130 దాటుతుంది. నిజానికి పరిస్థితి అంతకంటే కఠినమైనది, ఎందుకంటే బరువు పలక కింద సమంగా పరచుకోదు. ఒక్కొక్క కాలి కింద 500 పౌండ్లుగా దిగుతుంది.

అందువల్ల డెక్ మొత్తాన్ని బలంగా కట్టడం కంటే, కాలు ఎక్కడ నిలుస్తుందో అక్కడ బలంగా కట్టడం ముఖ్యం. 10 అడుగుల జాయిస్టు (డెక్ పలకలను కింద నుంచి మోసే దూలం) నడిమధ్యన ఆ కాలు పడిందనుకోండి, 16 అంగుళాల ఎడంతో వేసిన జాయిస్టుకు పైన చెప్పిన జనభారం లెక్క ప్రకారం రావలసిన వంపు ఎంతో, ఈ ఒక్క కాలి వల్లనే దానికి ఒకటిన్నర రెట్లు వస్తుంది. అదే కాలును గోడకు అడుగు దూరానికి జరిపితే ఆ వంపు మూడో వంతు కంటే కాస్త తక్కువకు తగ్గిపోతుంది. వినడానికి ఇది చవకైన ఉపాయమే కానీ, బరువు ఎక్కడికీ పోలేదు: పదింట తొమ్మిది వంతులు ఇప్పుడు గోడవైపు హ్యాంగరు మీదికి, అక్కడి నుంచి ఇంటి గోడకు బిగించిన లెడ్జర్ పలక మీదికి వచ్చి చేరాయి. కొండంత రాయికి గోరంత స్క్రూయే ఆధారం అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం.

నా ఫ్రేములో జాయిస్టులు 2 బై 10 కొలతవి, అంటే నిజమైన లోతు 9.25 అంగుళాలు. 2 బై 8 నిజమైన లోతు 7.25 మాత్రమే, వంగకుండా నిలిచే గుణం లోతు ఘనాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, ఆ 2 అంగుళాల తేడాకు గట్టిదనం రెట్టింపు దాటుతుంది. బెంచీ కాళ్ల మధ్య ఎడం 48 అంగుళాలు, అంటే సరిగ్గా మూడు జాయిస్టుల దూరం. ఆ రెండు చోట్లా మూడేసి జాయిస్టులను కలిపి బిగించాను. మూడు కలిస్తే నాలుగున్నర అంగుళాల వెడల్పు వస్తుంది, 3 అంగుళాల కాలు దాని మీద పూర్తిగా కూర్చుంటుంది. పునాదుల లోతు మా టౌన్‌షిప్ చెప్పినట్లు 36 అంగుళాలు. తవ్వే ముందు, భూమిలోని పైపులు, తీగలు ఎక్కడున్నాయో గుర్తు పెట్టించే 811కు ఫోన్ చేయడం మరవకండి.

ఇక ఈ స్క్రూలో నాకు బాగా నచ్చిన గుణానికి వస్తాను. కెమెరాను దగ్గరికి తెస్తున్నాను, ఆరు పలకల తల మీద చెక్కిన అంకెను చూడండి. అది స్క్రూ పొడవు. మేకు దిగాక అది 3 అంగుళాలదో, ఒకటిన్నరదో పైనుంచి ఎవరికీ తెలియదు. చాలా హ్యాంగర్లలో ఏటవాలు రంధ్రాలు ఉంటాయి, అక్కడ దిగేది జాయిస్టును దాటి లెడ్జర్‌లోకి కూడా చేరాలి. అక్కడ పొట్టిది వేస్తే చూపుకు అంతా సవ్యంగానే ఉంటుంది, పట్టు మాత్రం ఉండదు. ఈ స్క్రూ అయితే పని ముగిశాక కూడా కింద పడుకుని టార్చి వేసి ఒక్కొక్క తలనూ చదవవచ్చు. డెక్‌ను తనిఖీ చేసిన ఇన్‌స్పెక్టర్ గారు కూడా అలాగే చదివారు, మరో ప్రశ్న వేయలేదు.

ఈ ఇంటి పాత డెక్‌ను విప్పినప్పుడు పాత యజమాని హ్యాంగర్లకు మామూలు డెక్ స్క్రూలు వేయించినట్లు తేలింది. గడ్డపలుగుతో కొంచెం ఎత్తగానే తలలు పుటుక్కుమని తెగిపోయాయి. మేకు వంగుతుంది, అంత గట్టి సన్నని స్క్రూ మాత్రం వంగకుండా తెగుతుంది. ఆ తేడాను చేతితో చూశాక హ్యాంగరు కోసమే తయారైన స్క్రూ తప్ప మరొకటి వాడాలనిపించలేదు. దీనికి తోడు, నేటి ప్రెజర్ ట్రీటెడ్ కలపలోని రాగి మందులు మామూలు ఉక్కును తినేస్తాయి, కనుక స్క్రూకూ హ్యాంగరుకూ ఒకే తరహా జింకు పూత ఉండాలి.

ఇప్పుడు నా చిరాకు. పెట్టెలో ఇచ్చిన బిట్టు నాసిరకం, మొదటి హ్యాంగరు పూర్తికాకముందే అంచులు అరిగి తల మీద జారడం మొదలుపెట్టింది. అంతకంటే పెద్ద లోపం, ఏ హ్యాంగరుకు ఏ పొడవు వాడాలో తెలిపే పట్టిక పెట్టె మీద లేదు. ఒక క్యూఆర్ కోడ్ ముద్రించి ఊరుకున్నారు. స్క్రూలను అనుమతించని హ్యాంగర్లూ ఉన్నాయి కనుక ఆ పట్టికే ఈ సరుకులో అతి ముఖ్యమైన భాగం, దాన్ని దాచిపెట్టడం నాకు ఏమాత్రం నచ్చలేదు. ధర కూడా మేకుల కంటే చాలా ఎక్కువ.

అయినా నేను వీటిని సొంత డబ్బుతో మళ్లీ కొంటాను. మూడు జాయిస్టులు కలిపిన చోట పక్క జాయిస్టుకు మిగిలే ఖాళీలో సుత్తి ఊపడానికి వీలుండదు, పొట్టి ఇంపాక్ట్ డ్రైవర్ మాత్రం హాయిగా దూరుతుంది. హ్యాంగరులోని ప్రతి రంధ్రాన్నీ నింపగలిగాను, తప్పిన స్క్రూను వెనక్కి తీసి మళ్లీ వేయగలిగాను.

డెక్ ఇప్పటికే కట్టి ఉన్నవారు కింది నుంచి చేరగలిగితే, కాళ్లు వచ్చే చోట కొత్త జాయిస్టులను లెడ్జర్ నుంచి బీము దాకా పూర్తి పొడవున జత చేసి, ఆ వెడల్పుకు తగిన హ్యాంగరు వేయండి. లెడ్జర్ గోడకు మేకులతో మాత్రమే పట్టి ఉన్నా, పైపైన ఇటుక పొర (బ్రిక్ వెనీర్) మాత్రమే ఉన్న గోడకు బిగించి ఉన్నా ఈ స్క్రూల వల్ల ప్రయోజనం లేదు; అలాంటప్పుడు బెంచీని డెక్ దిగువన నేల మీదే వేయించండి.